నెల్లూరు ఎండకు ఏ లిథియం మేలు: ఎల్‌ఎఫ్‌పీనా, ఎన్‌ఎంసీనా?

ఎండలు ముదిరితే చాలు, అందరిదీ ఇదే ప్రశ్న: బండికో ఇన్వర్టర్‌కో లిథియం బ్యాటరీ కొనాలి, ఎల్‌ఎఫ్‌పీ తీసుకోవాలా, ఎన్‌ఎంసీ తీసుకోవాలా? షాపులో ధర, వారంటీ చెబుతారు. నేను ముందు అడిగేది లోపలున్న పొడి సంగతి. ఈ రెండు పేర్లూ సెల్ లోపల ప్లస్ ధ్రువానికి పూసే పొడివే.

బరువు లెక్కలో ఎన్‌ఎంసీదే పైచేయి. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఈ సెల్ కిలోకి 200 వాట్-అవర్లు, అంతకు మించి కూడా దాచుకుంటుంది. ఎల్‌ఎఫ్‌పీ మామూలుగా 160 దగ్గర ఆగిపోతుంది. రోజూ నెల్లూరు నుంచి కావలికి బండి మీద పోయొచ్చేవాళ్లకు ఈ తేడా చిన్నదేం కాదు.

ఎల్‌ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. 1990ల్లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త జాన్ గుడ్‌ఎనఫ్ బృందం దీన్ని బయటపెట్టినప్పుడు ఇది మందకొడి సరుకు. కరెంటు సరిగా పారదు, గింజలో లిథియం అయాన్లు నిదానంగా కదులుతాయి. దాన్ని దారికి తెచ్చింది నానో పనితనమే. మొలగొలుకుల బియ్యం కన్నా వాటి నూక ముందు ఉడుకుతుంది కదా, ఇక్కడా అంతే. మైక్రాన్ గింజను 100 నానోమీటర్లకు తగ్గిస్తే, అంటే పదో వంతు చేస్తే, అయాన్ లోపలికి చేరే సమయం దాదాపు వందో వంతుకు పడిపోతుంది. పైన పల్చటి కార్బన్ పూత వేస్తే కరెంటూ పారుతుంది. మరీ సన్నగా చేసినా చిక్కే: ఉపరితలం పెరిగి ఎలక్ట్రోలైట్‌తో, అంటే అయాన్లు ఈదే లోపలి ద్రవంతో, అక్కర్లేని రసాయన చర్యలు ఎక్కువవుతాయి.

ఇక నాకు తేల్చేసే విషయం వేడి. రోహిణీ కార్తెలో ఎండలో నిలబెట్టిన బండి పెట్టె ఎంత కాలుతుందో చెప్పక్కర్లేదు. ఆ వేడికి రెండు రకాల ఆయుష్షూ తగ్గుతుంది. కానీ లోపల షార్ట్ అయి సెల్ 200 డిగ్రీలు దాటితే, నికెల్ ఎక్కువున్న ఎన్‌ఎంసీ తనలోని ఆక్సిజన్‌నే వదులుతుంది. పక్కనే మండే ఎలక్ట్రోలైట్. ఎల్‌ఎఫ్‌పీలో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, అంత తేలిగ్గా వదలదు. అసలు మండదని కాదు, ఎలక్ట్రోలైట్ దానిలోనూ అదే. అయినా ఇంట్లో హాల్లో, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు గట్టు మీది రేకుల షెడ్డులో పెట్టే బ్యాటరీకి బరువు ఎవరు చూస్తారు? అక్కడ నా ఓటు ఎల్‌ఎఫ్‌పీకే. బండికి కూడా, దూరం మరీ అవసరమైతే తప్ప, అదే.

ఎల్‌ఎఫ్‌పీ అసలు బలహీనత గడ్డకట్టే చలిలో ఛార్జింగ్. ఆ టెన్షన్ మనకు సంక్రాంతికి కూడా లేదు. ఇంకోటి, వోల్టేజీ చాలాసేపు ఒకేచోట నిలబడటంతో ఎంత ఛార్జ్ మిగిలిందో చూపే శాతం లెక్క తప్పుతుంటుంది. అప్పుడప్పుడూ ఫుల్ ఛార్జ్ చేస్తే సర్దుకుంటుంది.

ఈ రెండే కాదు, వేరే రకాలూ ఉన్నాయి. లిథియం టైటనేట్ త్వరగా ఛార్జ్ అవుతుంది, ఖరీదెక్కువ. సోడియం బ్యాటరీ ఇప్పుడిప్పుడే వస్తోంది. నీళ్లు పోసుకునే ఓపిక ఉంటే లెడ్ యాసిడ్ చౌక.

కొనేటప్పుడు లేబుల్ చూడండి. ఎల్‌ఎఫ్‌పీ సెల్ 3.2 వోల్టులు కాబట్టి ప్యాక్ మీద 12.8, 25.6, 51.2 లాంటి అంకెలుంటాయి. 50.4 అనో 51.8 అనో ఉంటే అది ఎన్‌ఎంసీ అయ్యే అవకాశం ఎక్కువ. ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి.