బుల్లెట్‌కి ఒక్క పన్ను పెంచాక

నాన్నగారి 1991 మోడల్ బుల్లెట్ 350కి గేర్‌బాక్స్ స్ప్రాకెట్ (వెనక చక్రానికి వెళ్ళే చైనుని ముందు నుంచి లాగే పళ్ళ చక్రం) మార్పించి నాలుగేళ్ళు దాటింది. పదహారు పళ్ళది తీసేసి పదిహేడు పళ్ళది వేయించాను, అంతే. బండి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, ఒకటి పైకి, మూడు కిందికి. అందరూ ఎరిగిన బండే. ఆ ఒక్క పన్ను గురించే ఈ సొదంతా.

నిజానికి నా మనసు అయిదు గేర్ల బాక్సు మీద ఉండేది. పాలకొల్లు నుంచి భీమవరం రోజూ వెళ్ళొస్తాను. యాభై దాటితే చాలు, నాలుగో గేరులో బండి ఇంకో గేరు అడుగుతున్నట్టే గొణిగేది. లేని అయిదో గేరు కోసం కాలు దానంతటదే కిందికి తొక్కేది. విచారిస్తే పాత సామాన్ల కొట్టువాడు ఒక్క బాక్సుకే 19 వేలు చెప్పాడు. దానికి క్లచ్చు, కేసూ చూసుకోవాలి, గేరు ఎడమకి వస్తుంది కాబట్టి బ్రేకు కుడికి మార్చాలి, మజూరీ వేరే. ముప్పై వేలకి తక్కువ తేలదని అర్థమైంది. ఆ నెలలోనే ఇంట్లో నీళ్ళ మోటారు కాలిపోయింది. పైగా నాన్నగారు ఇప్పటికీ ఆదివారం పూట బజారుకి ఈ బండే తీస్తారు. "డెబ్భై ఏళ్ళొచ్చాక ఎడంకాలితో గేర్లు నేర్చుకోమంటావేంట్రా?" అన్నారు. మడమతో నొక్కితే ఏ గేరులోంచైనా (ఒకటోది తప్ప) న్యూట్రల్‌కి వచ్చేసే ఆ చిన్న లివరు వదులుకోవడం నాకూ ఇష్టం లేదు. రైలు గేటు దగ్గర దాని విలువ తెలుస్తుంది.

అప్పుడు మా మెకానిక్కు అన్నాడు: "అయిదోది ఎందుకండీ, ఉన్న నాలుగోదాన్నే కాత్త సాగదీద్దారి."

అంటే ముందు స్ప్రాకెట్టుకి ఒక పన్ను పెంచితే, ఇంజను అన్నే చుట్లు తిరిగినా వెనక చక్రం ఇంకాస్త ఎక్కువ తిరుగుతుందన్నమాట. వెనక స్ప్రాకెట్టు మార్చొచ్చు కదా అని అడిగాను. ఈ పాత బుల్లెట్లకి వెనక ముప్పై ఎనిమిది పళ్ళ స్ప్రాకెట్టూ బ్రేకు డ్రమ్మూ ఒకటే ముక్క. మారిస్తే డ్రమ్ముతో సహా మార్చాలి. ముందుది చవక, కానీ అది క్లచ్చు వెనకాల దాక్కుని ఉంటుంది. ఎడంపక్క పెద్ద మూత తీయాలి, ఆల్టర్నేటర్ విప్పాలి, క్లచ్చూ ప్రైమరీ చైనూ తీయాలి, లోపలి కేసు కూడా ఊడదీస్తే అప్పుడు కనిపిస్తుంది. అరపూట పని. స్ప్రాకెట్టు 380, రబ్బరు సీలూ ఆయిలూ కలిపి 450, మజూరీ 800. మొత్తం 1,630 రూపాయలు. పాత చైనే సరిపోయింది, వెనక చక్రాన్ని కాస్త ముందుకి జరిపాడు.

మర్నాడు పొద్దున్నే భీమవరం రోడ్డెక్కాను. ఆ పొద్దు నాకింకా గుర్తుంది. మంచు పూర్తిగా విడలేదు, చేపల చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతున్నాయి. నాలుగో గేరులో యాభై అయిదు దాటాక చెవి రిక్కించాను. గొణుగుడు లేదు. అంతకుముందు 56 దగ్గర వినబడే చప్పుడు ఇప్పుడు 60 దగ్గర వినబడుతోంది. హ్యాండిల్ పట్టుకున్న అరచేతుల్లో జివ్వుమనే తిమ్మిరి రాలేదు. ఈ బండికి స్పీడోమీటరు ముందు చక్రం నుంచి నడుస్తుంది కాబట్టి మీటరు మోసం చేసిందనడానికీ లేదు. ఆఫీసులో కూర్చుని లెక్క కట్టాను: ఇంజన్ పళ్ళు ఇరవై అయిదు, క్లచ్చు పళ్ళు యాభై ఆరు, వెనక ముప్పై ఎనిమిది. టాప్ గేరులో కిలోమీటరుకి ఇంచుమించు 150 చుట్లు తగ్గాయి. భీమవరం వెళ్ళేలోపు మూడువేల పైచిలుకు. ముప్పై ఏళ్ళు దాటిన ఇంజనుకి రోజూ అంత సెలవు ఇచ్చానన్నమాట. ఆ వారం అంతా కనిపించిన ప్రతి బుల్లెట్టువాడినీ ఆపి చెప్పాను. అందులో ఇద్దరు వెళ్ళి మార్పించుకున్నారు కూడా. వాళ్ళలో ఒకాయన ఇప్పుడు నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు, ఎందుకో కింద చెప్తాను.

మా అత్తగారి ఊరు సఖినేటిపల్లి. చించినాడ వంతెన మీదుగా వెళ్ళొచ్చు కానీ చుట్టు. నరసాపురం వెళ్ళి పంటు (బళ్ళని కూడా ఏరు దాటించే పడవ) ఎక్కితే వశిష్ఠ గోదావరి దాటేసినట్టే. స్ప్రాకెట్టు మార్చిన ఏడో నెలలో ఒక సాయంత్రం నేనూ మా ఆవిడా బయల్దేరాం. వెనక కారియర్‌కి పాతిక కేజీల కొత్తబియ్యం మూట, ముందు ట్యాంకు మీద ఆవకాయ జాడీ ఉన్న సంచి. సముద్రం దగ్గర కదా, అక్కడ ఏటికి పోటూ పాటూ ఉంటుంది. మేం వెళ్ళేసరికి పాటు. నీళ్ళు బాగా తీసేశాయి. అవతలి రేవులో పంటు ఎప్పటికంటే కిందికి ఆగింది, ఎక్కాల్సిన ఏటవాలు నిట్రంగా కనబడుతోంది, సగం దాకా బురద.

మామూలుగా అయితే మా ఆవిడ దిగి నడిచేస్తుంది. ఆ రోజు మోకాలు నొప్పిగా ఉందంది. "బుల్లెట్టేగా, ఎక్కేస్తదిలెండి" అని నేనే అన్నట్టు తర్వాత సాక్ష్యం చెప్పింది.

ఒకటో గేరు వేసి వదిలాను. పాత స్ప్రాకెట్టుతో అయితే ఆ గేరులో బండి గేదె నడిచినట్టు నడిచేది. ఇప్పుడు ఒకటోది కూడా అంతే మోతాదులో సాగిందిగా, వేగం కావాలంటుంది, వేగం ఇవ్వడానికి ముందు ఇంకో బండి ఉంది. క్లచ్చు సగం నొక్కి ఆడిస్తూ లాగించాను. పది అడుగులు ఎక్కింది. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. కాలిన వాసన. ఆ తర్వాత ఇంజను కూడా ఆగిపోయింది.

ఇక్కడే కుడి గేరు బండి అసలు సంగతి తెలిసింది. వెనక బ్రేకు ఎడమకాలి కింద ఉంది, ఆ కాలు తీస్తే బండి ఏట్లోకి జారుతుంది. కాబట్టి కుడికాలు నేల మీద ఆనించాలి. కానీ గేరు తీయాలన్నా, కిక్కు కొట్టాలన్నా కుడికాలే కావాలి. ముందు డ్రమ్ము బ్రేకు ఉందంటే ఉంది. అలా ఒక కాలు బ్రేకు మీద, ఒక కాలు బురదలో, మోకాళ్ళ మధ్య ఆవకాయతో కొయ్యబొమ్మలా నిలబడిపోయాను. వెనక ట్రాలీ ఆటో హారను కొడుతున్నాడు. మా ఆవిడ ఏమీ అనకుండా దిగింది. ఏమీ అనకపోవడమే టెన్షన్. చివరికి పంటు మీద కుర్రాళ్ళిద్దరు వచ్చి తోశారు. అందులో ఒకడు అడిగాడు: "ఏవండీ, బుల్లెట్టు కూడా తోయించుకుంటాదాండీ?"

"ఆయ్, అప్పుడప్పుడు" అన్నాను. ఇంకేమంటాం.

మెకానిక్కు మూత విప్పితే క్లచ్ ప్లేట్లు నల్లగా మాడి ఉన్నాయి. నిజం చెప్పాలి కదా, స్ప్రాకెట్టు వేసిన రోజునే అతను ప్లేట్లు చూపించి "ఎలాగూ విప్పాం కదండీ, ఇవీ మార్చేద్దారి" అన్నాడు. అవి మరో ఏడాది లాగవా అని నేనే అడిగాను. కాసేపు చూసి "లాగుతాయండి" అన్నాడు. అప్పుడు మిగిల్చిన డబ్బు కంటే, మళ్ళీ అదే మూత విప్పించి, అదే మజూరీ ఇచ్చి వేయించిన కొత్త ప్లేట్లకి ఎక్కువైంది. మూతని పట్టి ఉంచేది ఒకే ఒక్క పెద్ద నట్టు. రెండోసారి పాత రబ్బరే వేసి బిగించడంతో అప్పట్నుంచి ఎడంపక్క ఆయిలు చెమర్చడం మొదలైంది. ఇంటి అరుగు ముందు చిన్న అట్టముక్క వేసి పెడుతున్నాం.

కొత్త ప్లేట్లు పడ్డాక బండి మళ్ళీ బాగుంది. కానీ మొదటి వారం నేను చేసిన ప్రచారంలో కొంత వెనక్కి తీసుకోవాలి. నాలుగో గేరు హాయి అన్నాను. ఎండాకాలం మధ్యాహ్నం నరసాపురం వైపు వెళ్తే ఎదురుగా పైరగాలి కొడుతుంది, అప్పుడు ఇద్దరితో నాలుగులో యాభై అయిదు నిలవదు, మూడుకి దిగాల్సిందే. మైలేజీ పెరిగిందని కూడా అన్నాను. పెరిగిందేమో, ఆ నెలలోనే కార్బురేటర్ కడిగించాను, ఏది దేనివల్లో తేల్చలేను. పాలకొల్లు బజారులో ఆటోల వెనక నడుస్తుంటే క్లచ్చు మీద ఎడంచెయ్యి ఇదివరకటి కంటే ఎక్కువ పనిచేస్తోంది. నాన్నగారైతే మొదటిరోజే "స్టార్టింగులో బరువుగా ఉందిరా" అన్నారు. నేను విననట్టు ఊరుకున్నాను.

మాది బల్లపరుపు నేల. ఏటిగట్టు, కాలవ వంతెనలు, రేవులు తప్ప ఎక్కాల్సింది ఏదీ లేదు. నేను అరవై రెండు కేజీలు, రోజూ ఒక్కడినే వెళ్తాను, దారి తిన్నగా ఉంటుంది. ఈ లెక్కన నాకు ఇది సరిపోయింది, పదహారుకి తిరిగి వెళ్ళను. ఒక్కసారి మారేడుమిల్లి వెళ్ళాం, ఘాట్ రోడ్డులో రెండో గేరు దాటలేదు. ముచ్చట చాలనుకున్నాను. నా మాట విని మార్పించుకున్న ఆ రెండో ఆయనకి కొబ్బరికాయల వ్యాపారం. తోటల్లో ఇసక దారుల్లో, వెనక రెండు బస్తాలతో తిరుగుతాడు. ఆయన ఆర్నెల్లలో మళ్ళీ పాతదే వేయించుకున్నాడు, రెండు మజూరీలూ నా ఖాతాలోనే రాసుకున్నట్టున్నాడు. అతని బండి ఎలా తిరుగుతుందో అడక్కుండా చెప్పేశాను, తప్పే.

ఎవరైనా చేయిస్తే ప్లేట్లూ, కొత్త రబ్బరూ ఒకేసారి వేయించుకోండి. పద్దెనిమిది పళ్ళది కూడా ఉందని మెకానిక్కు మొన్న ఊరించాడు. నా పదహారు పళ్ళది నూనెగుడ్డలో చుట్టి అటక మీద ఉంది. మా ఆవిడ మాత్రం ఇప్పుడు పంటు ఒడ్డుకి ఆనకముందే దిగి నిలబడుతోంది, పోటైనా పాటైనా.