నాయనకు పార్కిన్సన్స్, కర్నూలు న్యూరో వైద్యం: ఇన్నేండ్లు తిరిగినాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్తాండా, ఇది ఒక హాస్పిటల్ రివ్యూ కాదు, ఫలానా డాక్టర్ దగ్గరికి పొండి అని చెప్పేది కూడా కాదు, పేర్లేమీ రాయను. మా నాయనకు పార్కిన్సన్స్, అంటే కంపవాతం, వచ్చి చాన్నాళ్లయింది. ఎమ్మిగనూరులో మగ్గం నేసిన మనిషి, ఇప్పుడు కర్నూలులో నా దగ్గరే ఉంటాడు. గాయత్రి ఎస్టేట్ క్లినిక్కులు, పెద్దాసుపత్రి, మధ్యలో హైదరాబాద్, అన్నీ తిరిగినాం కాబట్టి న్యూరోలో సీనియర్ అంటే ఎవరు, బోర్డు మీద సీనియర్ అని రాసుకున్నోళ్లందరూ సీనియర్లేనా అనే దాని మీద నాకు కొంచెం గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, అవి రాస్తా.

డిగ్రీ సంగతి త్వరగా తేల్చేస్తా. ఎంబీబీఎస్, ఆ తర్వాత ఎండీ మూడేండ్లు, దాని మీద డీఎం న్యూరాలజీ, అంటే మెదడు, నరాల చదువు, ఇంకో మూడేండ్లు. ఆ డీఎం ఉన్నాయన దగ్గరికే పోవాల, దాంట్లో వాదన లేదు. కానీ అదే డిగ్రీ ఉన్న ఇద్దరి దగ్గర కూర్చుంటే ఒకాయన రిపోర్టు చూస్తాడు, ఇంకొకాయన మనిషిని చూస్తాడు. నా రివ్యూ అంతా ఆ తేడా గురించే.

మొదట్లో నాయనకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేయదు, నొప్పి. ఒక ఎముకల డాక్టర్ ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు, ఇంజెక్షన్లు, కాపడాలు, నెలలకు నెలలు పోయినాయి. భుజం పట్టేయడం పార్కిన్సన్స్‌కు తొలి గుర్తుల్లో ఒకటి కావచ్చని మాకెవరికి తెలుస్తాది, కానీ ఆయనకైనా తెలిసి ఉండాల్సింది కదా. తర్వాత ఇంకో చోట ఎంఆర్ఐ తీయించి "నార్మల్, ఏం లేదు, వయసు వల్ల" అని పంపించినారు. ఈ జబ్బును పట్టిచ్చే రక్తపరీక్ష మామూలుగా ఆసుపత్రుల్లో లేదు, ఎంఆర్ఐ చాలాసార్లు నార్మల్‌గానే వస్తాది, అది తీసేది వేరే జబ్బులు లేవని చూసుకోడానికి. అసలు రోగ నిర్ధారణ డాక్టర్ కండ్లలోనూ చేతుల్లోనూ ఉంటాది. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ దీని గురించి మొదటిసారి రాసినప్పుడు కూడా ఆయన దగ్గర స్కాన్లేం లేవు, ఆరుగురు మనుషుల్ని చూసి రాసినాడు, అందులో కొందరిని వీధిలో నడుస్తాంటే చూసినాడు అంతే.

మేం చివరికి చేరిన సీనియర్ సారు కూడా అట్లే. నాయన తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా నడిచొచ్చేది చూసినాడు, కూర్చోకముందే "మళ్ళీ ఒకసారి బయటికి పోయి రా పెద్దాయనా" అన్నాడు. కుడి చెయ్యి ఊగట్లేదు, తిరిగేటప్పుడు ఒక్కసారిగా తిరగకుండా చిన్న చిన్న అడుగులేసి తిరుగుతాండాడు, మేమెవ్వరం అప్పటిదాకా దాన్ని పట్టిచ్చుకోలేదు. బొటనవేలు చూపుడు వేలు టక్ టక్ కొట్టమన్నాడు, నాయన బాగానే కొడ్తాండాడు అనుకున్నా నేను. సారు చూసేది వేగం ఒక్కటే కాదంట, మొదట పెద్దగా తెరుచుకున్న వేళ్ళు కొట్టేకొద్దీ చిన్నగా అయిపోతాయి, అది చూసేది. తర్వాత "ఏం పని చేసేవాడివి" అని అడిగి, మగ్గం అనగానే "పోగు తెగితే అతుకుతారే, అది చేసి చూపించు" అన్నాడు. నాయన గాల్లో రెండు పోగులు పట్టుకున్నట్టు పట్టుకుని వేళ్ళతో మెలేసినాడు. ఎడమ చెయ్యి చకచకా, కుడి బొటనవేలు మాత్రం రెండు మెలికలకే ఆగిపోయింది. నాయనే చూసుకుని "అవును సార్, ఇదే, మగ్గం మీద ఇదే రాకుండా పోయింది" అన్నాడు. అన్ని నెలలు ఏ డాక్టరూ అడగని ప్రశ్న అది, మేం కూడా చెప్పలేదు ఎందుకంటే అది జబ్బని అనుకోలేదు. ఒక వాక్యం రాయమన్నాడు, అక్షరాలు లైను చివరికొచ్చేసరికి ఆవగింజలైనాయి. వెనకాల నిలబడి, నిలదొక్కుకుంటాడా లేదా చూడను, భుజాలు పట్టి ఒక్క లాగు లాగినాడు, పడిపోతే పట్టుకోడానికి రెడీగా ఉండి.

ఆ తర్వాత అడిగిన ప్రశ్నలు వింటే వణుకు గురించి తక్కువ. విరేచనం ఫ్రీగా అవుతాందా, వాసన తెలుస్తాందా, నిద్రలో అరవడం, చేతులు విసరడం ఉందా. అమ్మ నోరెళ్లబెట్టింది, ఎందుకంటే జబ్బు బయటపడక ముందే ఎన్నో ఏండ్ల నుంచి నాయన నిద్రలో ఎవర్నో తంతాంటాడు, ఆమె మంచం మార్చుకుంది కూడా. అది కూడా ఈ జబ్బుకు ముందొచ్చే గుర్తంట. పడుకోబెట్టి బీపీ చూసి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూపించినాడు. నిలబడితే పై బీపీ 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే కండ్లు తిరిగి పడొచ్చు, దాన్ని తల తిరగడం అని వేరే మందులిస్తే ఇంకా చెడిపోతాది.

ఇంక మందులు. నా అనుభవంలో కొత్త డాక్టర్ మందు కలుపుతాడు, సీనియర్ తీసేస్తాడు. మధ్యలో సారు అందుబాటులో లేనప్పుడు ఇంకో క్లినిక్‌లో వణుకు తగ్గడానికి పాసిటేన్ రాసినారు, వణుకు కొంచెం తగ్గింది, కానీ నాయన రాత్రిపూట తికమక పడడం, నోరు ఎండిపోవడం, ఒకరోజు నన్నే ఎవరప్పా నువ్వు అని అడిగినాడు. అందరం మతిమరుపు జబ్బు కూడా వచ్చిందేమో అని బెంబేలు పడినాం. సారు చీటీ చూసి "ముసలోళ్లకు ఇది తికమక తెస్తాది" అని మెల్లమెల్లగా దించుతూ ఆపించేసినాడు, మనిషి మళ్ళీ మనిషైనాడు. కొత్తది ఒక్కటీ రాయలేదు ఆరోజు. ఫీజు ఇచ్చి మందు రాయకుండా వచ్చినాం అని అమ్మకు కొంచెం వెలితి, అది వేరే కథ.

అసలు మందు సిండోపా, అంటే లీవోడోపా, కార్బిడోపా కలిసినది. దీంతో చిక్కేమంటే మాత్ర ఎంత అనేదానికంటే ఎప్పుడు అనేదే పెద్ద ప్రశ్న. తిండికి కనీసం అరగంట ముందు వేసుకోవాల, ఎందుకంటే పప్పు, గుడ్డు, పాలు వీటిలో ఉండే ప్రోటీనూ ఈ మందూ లోపలికి పోయే దారి ఒకటే, రెండూ పోటీ పడతాయి. జబ్బు ముదిరేకొద్దీ మందు పనిచేసే టైం తగ్గిపోతా వస్తాది. సారు మాకు ఒక నోట్‌బుక్ పెట్టమన్నాడు, పొద్దున్నుంచి రాత్రి దాకా గంట గంటకు గళ్ళు, ఎప్పుడు మాత్ర వేసినాం, ఎంతసేపటికి కదలిక వచ్చింది, ఎప్పుడు దిగిపోయింది, ఎప్పుడు ఒళ్ళు అనవసరంగా మెలికలు తిరిగింది. ఓపీ రోజు ఆ గళ్ళ మీద వేలు పెట్టి చదువుతాడు. ఎప్పుడూ క్లినిక్‌కు పోయే టైంకి నాయన బాగానే ఉంటాడు, ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి బొమ్మలా కూర్చుంటాడు, అది చూపించాలంటే వీడియో తీసుకురమ్మన్నాడు. మీరు కూడా తీయండి, డాక్టర్ అడగకపోయినా తీసి చూపించండి. చూడను అన్నాడంటే డాక్టర్‌ను మార్చండి, నా మాట వినండి.

డాక్టర్ గురించే రాస్తాండా గానీ ఐదు స్టార్లు ఎవరికి అంటే అక్కడి సీనియర్ సిస్టర్‌కు. ఆమె నాయనను తాతా అని పిలుస్తాది. మాత్ర ఎట్లా మింగుతున్నాడో తన ముందర మింగించి చూసింది. ఎక్కువసేపు మెల్లగా పనిచేసే సీఆర్ మాత్రను అమ్మ రోట్లో నూరి ఇస్తాంటే అది నూరకూడదు, నమలకూడదు అని చెప్పింది ఆమెనే, డాక్టర్ చెప్పలేదు, ఫార్మసీ వాళ్ళు చెప్పలేదు. ఏం తింటాడు అని అడిగింది, సంగటి అన్నాం. మన సైడు రాగి సంగటి నమిలేది కాదు కదా, ముద్ద చేసి పులుసులో ముంచి గుటుక్కున మింగడమే. ఆమె "తాతా, నాకు చూపించు" అని తన టిఫిన్ బాక్సులోంచి ఇంత అన్నం ముద్ద చేసి పెట్టింది. నాయన మింగినాక గొంతు గరగరా అనింది, ఒక్క దగ్గు దగ్గినాడు. "ముద్ద సగం చెయ్యి, గడ్డం కిందికి దించి మింగు, మింగినాక ఒకసారి ఊరికే మింగు, మందు పనిచేసే టైంలోనే అన్నం పెట్టండి" అనింది. ఈ జబ్బులో ఊపిరితిత్తుల్లోకి తిండి పోయి న్యుమోనియా వచ్చేది పెద్ద ప్రమాదం. సంగటి మానేయమని చెప్పింటే నాయన ఆమె మాట జన్మలో వినేవాడు కాదు.

మా చిన్నాయన కూతురు ఇంగ్లాండులో నర్సు, నేను ఈ సిస్టర్ గురించి చెప్తే "అన్నా, ఇక్కడ అదే ఒక ఉద్యోగం" అనింది. అక్కడ పార్కిన్సన్స్ నర్స్ స్పెషలిస్ట్ అని వేరేగా ఉంటారు, పేషంట్లు ఫోన్ చేసి మాట్లాడొచ్చు, మందులు రాసే కోర్సు చేసిన నర్సులైతే డోసు కూడా మారుస్తారు. ఇంకా పై మెట్టు అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ అంటారు, దానికి మాస్టర్స్ స్థాయి చదువు ఉండాల, 2017లో అక్కడ దానికి ఒక ఫ్రేమ్‌వర్క్ పెట్టి నాలుగు స్తంభాలన్నారు: వైద్యం చేయడం, నాయకత్వం, నేర్పించడం, రీసెర్చ్. చదివితే పెద్ద పెద్ద మాటలు. కానీ మా సిస్టర్ చేసేది చూస్తే మొదటి మూడూ ఆమె చేస్తానే ఉంది, కొత్త సిస్టర్లను పక్కన నిలబెట్టుకుని "తాత గొంతు విను" అని నేర్పిస్తాది, పేరు లేదు, జీతం అంతే, డోసు ముట్టుకునే అధికారం లేదు. మన దగ్గర ఈ పోస్టు ఎప్పుడొస్తాదో.

ఇప్పుడు కోపం వచ్చే భాగం. ఒకసారి నాయనకు వాంతులు, జ్వరం, అర్ధరాత్రి దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చినాం. డ్యూటీలో ఉన్నాయన వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇచ్చినాడు, పెరినార్మ్ అంటారే అదే. పార్కిన్సన్స్ అని మేం చెప్పినాకే ఇచ్చినాడు. అది మెదడులో కదలికకు కావాల్సిన డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకునే మందు, డోపమైన్ తక్కువై వచ్చిన జబ్బుకు ఆ ఇంజెక్షన్ ఇచ్చేదేంది? తెల్లారేసరికి నాయన కట్టెలా బిగుసుకుపోయినాడు. దానికి తోడు మా మాత్రలు తీసి పెట్టుకుని "వార్డు రౌండ్‌లో ఇస్తాం" అన్నారు, ఆరు గంటలది తొమ్మిదిన్నరకు వచ్చింది. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకే అనే సంస్థ ఆసుపత్రుల్లో మాత్ర టైంకే ఇవ్వాలని 'గెట్ ఇట్ ఆన్ టైమ్' అని ఒక ప్రచారమే నడుపుతాంది అంటే ఈ బాధ మన ఒక్కరిదే కాదు. ఈ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే విపరీతమైన జ్వరం, బిగుసుకుపోవడం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు కూడా.

సారుకు ఫోన్ చేస్తే ఎత్తినాడు, ఇది కూడా రివ్యూలో రాయాల్సిందే. డ్యూటీ డాక్టర్‌తో తనే మాట్లాడినాడు, ఒక్క మాట తిట్టలేదు, "ఇది ఆపి డోంపెరిడోన్ వాడదాం, ఒకసారి ఈసీజీ చూడు బాబూ" అని నేర్పించినట్టే చెప్పినాడు. నాకు తిట్టాలనే ఉండె. తర్వాత ఓపీలో ఒక కార్డు రాసిచ్చినాడు, వద్దు అనే మందులు: మెటోక్లోప్రమైడ్, హలోపెరిడాల్, స్టెమెటిల్, స్టుజిరాన్. చివరి రెండూ చూసుకోండి, తల తిరుగుతాంది అని మెడికల్ షాపులో అడిగితే చేతిలో పెట్టేవి అవే. ఆ కార్డు నాయన జేబులో ఒకటి, అమ్మ ఫోన్ కవర్ వెనకాల ఒకటి.

ఇంకోటి, మా మేనత్త దూలగొండి గింజల పొడి తెచ్చింది, కంపవాతానికి మంచిదని. నాయన రహస్యంగా తింటాండాడు. ఇంకో డాక్టరైతే ఫైలు విసిరికొట్టేవాడు. సారు నవ్వి, "పెద్దాయనా, ఎన్ని స్పూన్లు, ఏ టైంకి" అని అడిగి నోట్‌బుక్‌లో రాయించినాడు. ఆ గింజల్లో నిజంగానే లీవోడోపా ఉంటాది, అందుకే మాత్రతో కలిసి డోసు ఎక్కువై నాయన ఒళ్ళు మెలికలు తిరుగుతాండేది, ఏ గింజలో ఎంత ఉందో లెక్క తెలీదు కాబట్టి ఒక్కటే వాడదాం అన్నాడు. నాయన పొడి మానేసినాడు, అత్త ముందర కూడా సారు పేరే చెప్పి తప్పించుకున్నాడు.

ఫిజియో కుర్రాడు బాగా చేస్తాడు. గడప దగ్గర నాయన కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి, లాగితే పడతాడు. అక్కడ నేల మీద రంగు టేపు గీతలు అతికిచ్చినాడు, గీత దాటమంటే దాటుతాడు, ఇంటికొచ్చిన చుట్టాలు ముగ్గేమిటికి ఇట్లా వేసినారు అని అడుగుతారు. తలుపు గుండా పోయేటప్పుడు మాట్లాడించొద్దు, చేతిలో గిన్నె ఇవ్వొద్దు అని ఇంట్లో పిల్లలక్కూడా చెప్పి పోయినాడు.

మెదడులో తీగలు పెట్టే ఆపరేషన్, డీబీఎస్, దాని గురించి హైదరాబాద్‌లో అడిగినాం. సారే పంపించినాడు, కానీ పోకముందే "నీ జ్ఞాపకశక్తి పరీక్ష చూస్తే వాళ్ళు వద్దంటారని నా అంచనా, అయినా నా మాట ఒక్కటే వినకుండా పోయి అడిగి రండి" అన్నాడు. వాళ్ళూ వద్దన్నారు. లక్షలు పెట్టడానికి రెడీ అయిన ఇంటికి వద్దని చెప్పే డాక్టర్‌ను నేను నమ్ముతా.

తక్కువేం లేదా అంటే ఉంది. ఓపీ లేటు, నంబర్ వచ్చేసరికి మాత్ర దిగిపోతాది, సిస్టర్‌కు చెప్తే ముందు పంపిస్తాది గానీ క్యూలో వాళ్ళ తిట్లు మేం పడాల. సారు ఊరికి పోతే ఆయన చోట్లో కూర్చున్నాయన నోట్‌బుక్ తెరవడు. మాట నేర్పించే స్పీచ్ థెరపిస్ట్ అక్కడ లేరు, నాయన గొంతు మరీ సన్నగైపోయింది, పక్క గదిలోకి వినపడదు. ప్రస్తుతానికి హైదరాబాద్ మేడం ఒకామె ఆన్‌లైన్‌లో వారానికి రెండు క్లాసులు చెప్తాంది, గట్టిగా ఆ... అనిపిస్తాది, నెట్ పోయిన రోజు క్లాసు పోతాది, డబ్బులు మాత్రం పోయిన క్లాసుకూ కట్టాల్సిందే.