నాచు పెంచడానికి కొన్న లైటు: నాలుగేళ్ల వాడకం తర్వాత

అక్వేరియం లైటు గురించి ఎవరు రాసినా "ఇన్నాళ్లయినా నాచు పట్టలేదు" అని మెచ్చుకుంటూ రాస్తారు. నేను కొన్నది నాచు పట్టడానికే. మా తొట్టెలో చేపలు లేవు, చెర్రీ రొయ్యలూ నత్తలూ మాత్రమే. వాటికి పచ్చబడ్డ గాజే కంచం. అందుకని ఈ సమీక్ష కాస్త తలకిందులుగా ఉంటుంది.

సామాను ఇది. అడుగున్నర గాజు తొట్టె, అందులో సుమారు 30 లీటర్ల నీళ్లు. 5 వాట్ల క్లిప్పు లైటు, 650 రూపాయలు. గుండ్రటి డయల్ తిరిగే టైమర్ ప్లగ్గు, స్పాంజి ఫిల్టరు, దానికో చిన్న ఎయిర్ పంపు. 2021 ఫిబ్రవరిలో మొదలుపెట్టాను. మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్‌కి నడిచి వెళ్లేంత దూరం. తొట్టె హాల్లో, కిటికీకి ఎదురు గోడ దగ్గర ఉంటుంది.

మొదటి నెలలో గాజంతా గోధుమరంగు పొడి పట్టింది. అమ్మ చూసి, "ఏటిరా ఇది? నూతిగట్టు మీద పాచి సరిపోలేదేటి, డబ్బులెట్టి ఇంట్లో పెంచుతున్నావు?" అంది. ఆ గోధుమరంగుది డయాటమ్స్ అనే జాతి. కొత్త తొట్టెల్లో ముందు అదే వస్తుంది, వేలు పెడితే మసిలా ఊడిపోతుంది. నత్తలు మూడు వారాల్లో నాకేశాయి. దాని వెనకాలే ఆకుపచ్చది వచ్చింది.

మంచి నాచుని గుర్తుపట్టడం కష్టమేం కాదు. లేత ఆకుపచ్చగా, గోటితో గీస్తే మెత్తగా ఊడొచ్చేలా ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక దాని మీద సూదిమొనంత గాలి బుడగలు నిలబడతాయి. నత్త మేసిన చోట భూతద్దం పెట్టి చూడండి. దాని నాలుక ఆకురాయి లాంటిది, వరసలు వరసలుగా సన్నటి పళ్లుంటాయి. తల అటూ ఇటూ తిప్పుతూ గీక్కుంటూ పోతుంది కాబట్టి గాజు మీద వంకర గీతలు మిగులుతాయి, అచ్చం దున్నిన మడిలో చాళ్లలా. రొయ్యల పద్ధతి వేరు. వాటి ముందరి రెండు జతల కాళ్ల చివర చిన్న పటకార్లు, వాటికి కుచ్చుల్లాంటి వెంట్రుకలు. వాటితో తుడవడం, నోట్లో పెట్టుకోవడం, మళ్లీ తుడవడం. రెండు చేతులా జంతికలు తినే పిల్లాడి తొందర ఉంటుంది చూశారూ, అదే. ఆ తిండి చూస్తూ నేను చాలాసార్లు ఆఫీసుకి ఆలస్యమయ్యాను.

లైటు సంగతి. మొదట ఆశకొద్దీ రోజుకి 10 గంటలు వెలిగించాను. దారాల్లాంటి పొడుగు నాచు లేచి, రొయ్యపిల్లలు అందులో చిక్కుకున్నాయి. గాజు మీద గట్టి పచ్చ చుక్కలు కూడా వచ్చాయి. అవి రొయ్యలకి లొంగవు. నెరైట్ అనే చారల నత్త ఒక్కటే వాటిని కొంత గీకగలదు. అది తొట్టెంతా నువ్వుగింజల్లాంటి తెల్ల గుడ్లు అంటిస్తుంది, ఆ గుడ్లు మంచినీళ్లలో పిల్లలు కావు. ఆ తెల్ల గుడ్లు చూసి చిరాకుపడేవాళ్లు నెరైట్ జోలికి పోవద్దు. వెలుగు 7 గంటలకి తగ్గించాక రెండు నెలల్లో దారాలు తగ్గి, మెత్తటి పొర నిలిచింది. మా తొట్టె వరకు వెలుగు ఎంతసేపన్నది ఒక ఎత్తు, రోజూ ఒకే వేళకి పడటం ఇంకో ఎత్తు.

ఆ వేళ దగ్గరే టైమర్ నన్ను ముంచింది. డయల్ టైమర్‌కి లోపల బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే డయల్ ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే తిరుగుతుంది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపాను కళింగపట్నానికి కాస్త ఉత్తరాన తీరం దాటినప్పుడు మా వీధికి 40 గంటలు కరెంటు లేదు. గంటకోసారి చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ రొయ్యల్ని కాపాడుకున్నాను. కరెంటొచ్చింది, బతికాం అనుకున్నాను. ఆ రాత్రి 2 గంటలకి హాలంతా వెలుగు! పొద్దున్న 10కి వెలగాల్సిన లైటు అది. దొంగలేమో అని నాన్న కర్ర పట్టుకుని లేచారు. ఇంత పెద్ద కోత అక్కర్లేదు, వేసవిలో రోజుకి అరగంట పోయినా నెల తిరిగేసరికి 15 గంటల తేడా. ఇప్పుడు బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ వాడుతున్నాను. డయల్ టైమర్‌కి నా మార్కులు సున్నా.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. 2022 మేలో "ఎండ ఉచితమే కదా" అని తొట్టెని కిటికీ కిందకి జరిపాను. పది రోజుల్లో నీళ్లు పెసరకట్టులా అయిపోయాయి. ఒక రాత్రి కరెంటు పోయి పంపు ఆగింది. తెల్లారి చూస్తే మిగిలిన రొయ్యలన్నీ ఫిల్టరు గొట్టం పట్టుకుని నీటి పైఅంచుకి చేరాయి, 11 చచ్చిపోయి ఉన్నాయి. సముద్రం పక్కన వన్నామీ రొయ్యల చెరువుల్లో పనిచేసే మా బావకి ఫోన్ చేశాను. "డీఓ పడిపోయింది బావా. పగలు గాలి ఇచ్చే నాచే రాత్రి గాలి పీల్చేస్తాది. మా చెరువుల్లో ఏరేటర్లు తెల్లవార్లూ ఊరికే తిప్పుతున్నామా?" అన్నాడు. డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. ఎండలకి నీళ్లు వేడెక్కితే అది ఇంకా తక్కువ నిలుస్తుంది. గాజుకి పట్టిన నాచు వేరు, నీళ్లంతా పచ్చబడటం వేరు అని అప్పుడు తెలిసింది. తొట్టెని పాత చోటికే మార్చాను. మేలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఉపరితలం మీదకి చిన్న ఫ్యాను పెడతాను. మన ఉక్కకి రెండు డిగ్రీలు తగ్గితే గొప్ప.

మరుసటి సంక్రాంతికి చుట్టాలొస్తున్నారని గాజు నాలుగు పక్కలా అద్దంలా తోమేశాను, రాళ్లు కూడా. చుట్టాలు మెచ్చుకున్నారు. వారంలో రొయ్యపిల్లలు కనబడటం మానేశాయి. పుట్టినప్పుడు అవి రెండు మిల్లీమీటర్లుంటాయి. మేత కోసం దూరం పోలేవు, పక్కనున్న పొర మీదే బతుకుతాయి. ఆ పొరని నేనే తీసేశాను. అప్పటి నుంచి ముందు గాజు ఒక్కటే తుడుస్తాను. మిగతా మూడు వైపులూ వాటివి.

ఇక నాకు బాగా పనికొచ్చిన పని రాళ్లది. నాగావళి ఇసుకలో ఏరుకొచ్చిన నున్నటి గులకరాళ్లు, గుప్పెడంత. బ్రష్‌తో రుద్ది కడిగి, వెడల్పు మూతి గాజు సీసాలో వేసి, తొట్టె నుంచి తీసిన పాత నీళ్లు పోసి, బాల్కనీలో మూడు నాలుగు గంటలు ఎండ తగిలే చోట పెడతాను. రొయ్యల మురుగే నాచుకి ఎరువు, వేరే ఏమీ కలపను. వారానికి రాళ్లు పచ్చబడతాయి. సాయంత్రం సీసా చల్లారాక రెండు రాళ్లు తొట్టెలోకి, అక్కడ నాకి తెల్లబరిచినవి రెండు సీసాలోకి. పచ్చరాయి పడిన పది నిమిషాలకి దాని మీద ఇరవై రొయ్యలుంటాయి. సీసా మూతికి దోమల నెట్ ముక్క కట్టడం మర్చిపోకండి. నిల్వ నీళ్లు చూడటానికొచ్చిన ఆశా కార్యకర్తకి ఇదంతా వివరించలేక ఒకసారి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నీలం కలిసిన ముదురు పచ్చ చాప లాంటిది వస్తే మాత్రం సంబరపడొద్దు. తెరలు తెరలుగా ఊడుతుంది, బురద వాసన. అది నిజానికి నాచు కాదు, బ్యాక్టీరియా. మా వాటిలో ఏదీ దాన్ని ముట్టలేదు. మేత ఎక్కువ వేసి, ఫిల్టరు మందగించినప్పుడు రెండుసార్లు వచ్చింది. సన్న గొట్టంతో పీల్చి పారేసి, మూడు రోజులు దుప్పటి కప్పి, పంపు ఆపకుండా ఉంచితే పోయింది. నాచు మందులు అసలు కొనొద్దు. చాలావాటిలో రాగి ఉంటుంది, అది రొయ్యలకీ నత్తలకీ విషం.

మారిమో అని గుండ్రటి నాచు బంతి కూడా ఒకటి తెప్పించాను. జపాన్‌లో అకాన్ సరస్సు దానికి పేరు, 1952 నుంచి అక్కడది ప్రత్యేక సహజ సంపద. చల్లటి నీళ్ల ప్రాణి. మన మే నెలకి గోధుమరంగుకి తిరిగి, పిడచ విడిపోయింది. 400 రూపాయలు నీళ్లలో పోసినట్టే.

నాలుగేళ్లకి లైటు ఎలా ఉందంటే, క్లిప్పు స్ప్రింగు తుప్పుపట్టి విరిగితే రబ్బరు బ్యాండుతో కట్టాను. అడాప్టర్ ఒకసారి మార్చాను. 24 దీపాల్లో 7 ఆరిపోయాయి, పైన ప్లాస్టిక్ పసుపెక్కింది. మా బోరు నీళ్ల తెల్లపూత వారానికోసారి పొడిబట్టతో తుడవాలి. ఆ నీళ్ల కాఠిన్యం నత్త గుల్లలకి మాత్రం మేలే చేసింది. విచిత్రమేంటంటే దీపాలు ఆరుతున్నకొద్దీ నాచు ఇంకా మెత్తబడింది. ఇదే ధరకి దొరికితే మళ్లీ ఇదే కొంటాను. రంగులు మారే లైట్లు, వెయ్యి రూపాయలు దాటినవి రొయ్యల తొట్టెకి దండగ. పచ్చటి మొక్కలతో అందంగా పెంచుకోవాలనుకునే వాళ్లకి మాత్రం ఇది చాలదు.

ప్రస్తుతం సీసాలో ఏడు రాళ్లున్నాయి. నేను వేసినవి ఆరు. ఏడోది అమ్మ తులసికోట దగ్గర నుంచి తెచ్చి వేసింది, ఓ పక్క ఇంకా పసుపు కనబడుతోంది. కడిగి వేసిందో లేదో అడగాలి.