పైథాన్ స్ట్రక్ట్ మాడ్యూల్: చెరువు గట్టు మీది డేటాకు ఎంతవరకు నమ్మొచ్చు?

రొయ్యల చెరువులో దించిన ఆక్సిజన్ ప్రోబ్ పంపేది అక్షరాలు కాదు, బైట్లు. వాటిని పైథాన్ అంకెలుగా విప్పడానికి, అంకెలను మళ్లీ బైట్లుగా కట్టి మెమరీ కార్డులోకో లోరా అనే దూరం వెళ్లే రేడియోలోకో పంపడానికి పైథాన్‌తోపాటే వచ్చే పనిముట్టు స్ట్రక్ట్ మాడ్యూల్. డబ్బు కట్టక్కర్లేదు, వేరుగా ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువు గట్ల మీద పెట్టే మానిటరింగ్ బాక్సుల పనికి ఇది ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ సమీక్ష.

రేటింగ్ ఐదుకు నాలుగు. బైట్ల పొడవు తప్పినా, విలువ పరిధి దాటినా ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆగుతుంది. అది దీని బలం. బైట్ల వరుస తప్పితే మాత్రం నోరెత్తదు, తప్పు అంకెనే ఒప్పులా చేతిలో పెడుతుంది. తెల్లవారుజామున ఎన్ని ఏరేటర్లు (నీటికి గాలి కలిపే యంత్రాలు) తిప్పాలో ఆ అంకే చెప్పే చోట ఇది చిన్న లోపం కాదు. ఆ ఒక్క స్టార్ తగ్గింది అందుకే.

వాడకం తేలిక. ప్యాక్ ఫంక్షన్‌కు ముందు ఒక ఫార్మాట్ స్ట్రింగ్ (ఏ విలువ ఎన్ని బైట్లో చెప్పే అక్షరాల వరుస), తరువాత విలువలు ఇస్తే బైట్లు వస్తాయి. అన్‌ప్యాక్‌కు అదే స్ట్రింగ్, ఆ బైట్లు ఇస్తే విలువలు టపుల్‌గా తిరిగొస్తాయి. ఫార్మాట్‌లో క్యాపిటల్ బి అంటే 1 బైటు, హెచ్ 2, ఐ 4, క్యూ 8. ఇవి మైనస్ లేని సంఖ్యలకు. అవే స్మాల్ అక్షరాలైతే మైనస్ కూడా పడుతుంది. దశాంశాలకు స్మాల్ ఎఫ్ 4 బైట్లు, స్మాల్ డి 8.

ఈ అక్షరాల ముందు రాసే గుర్తు దగ్గరే అసలు కథంతా ఉంది. < పెడితే చిన్న బైటు (సంఖ్యలో తక్కువ విలువ భాగం) ముందు, > లేదా ! పెడితే పెద్ద బైటు (ఎక్కువ విలువ భాగం) ముందు. ఈ మూడింటిలోనూ సైజులు ఎక్కడైనా ఒకటే, మధ్యలో ఖాళీలు ఉండవు. ఏ గుర్తూ పెట్టకపోతే @ అని తీసుకుంటుంది. అంటే వరుస, సైజు, ఖాళీలు అన్నీ ఆ మెషీన్ ఇష్టం. స్మాల్ ఎల్ అక్షరం విండోస్‌లో 4 బైట్లు, 64 బిట్ లైనక్స్‌లో 8. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో 32 బిట్ ఓఎస్ తీసి 64 బిట్ ఓఎస్ వేస్తే చాలు, గుర్తు లేకుండా ఎల్‌తో రాసిన పాత ప్రోగ్రాం పాత లాగ్‌ను చదవలేదు. బయటికి వెళ్లే డేటాకు గుర్తు లేని ఫార్మాట్ ఎప్పుడూ రాయకండి.

ఒక రికార్డు తీసుకుందాం. టైమ్ 4 బైట్లు, చెరువు నంబరు 1, కరిగిన ఆక్సిజన్ 2, ఉష్ణోగ్రత 2, పీహెచ్ 2, ఉప్పుశాతం 2. కూడితే 13. < పెట్టి క్యాపిటల్ ఐ, క్యాపిటల్ బి, క్యాపిటల్ హెచ్, స్మాల్ హెచ్, మళ్లీ రెండు క్యాపిటల్ హెచ్‌లు రాసి, మొత్తం సైజు చెప్పే కాల్క్‌సైజ్‌ను అడిగితే 13 అనే చెబుతుంది. ఆ గుర్తు తీసేసి మామూలు పీసీలో అడిగితే 14. చెరువు నంబరు తరువాత వచ్చే 2 బైట్ల సంఖ్య సరి సంఖ్య స్థానంలో మొదలవ్వాలని మధ్యలో ఒక ఖాళీ బైటు దూరింది. ఇదే రికార్డును సీ భాషలో స్ట్రక్చర్‌గా రాసి ఈఎస్‌పీ32 బోర్డులో సైజు అడిగితే 16, ఎందుకంటే కంపైలర్ చివర్న కూడా రెండు బైట్లు నింపుతుంది. ఆర్డ్వినో ఉనో బోర్డులో అదే స్ట్రక్చర్‌కు 13, ఆ చిప్‌కు ఖాళీల అవసరమే లేదు. గట్టు మీద ఉనోతో మొదలుపెట్టి వైఫై కోసం ఈఎస్‌పీ32కు మారినప్పుడు సర్వర్‌లో అంకెలన్నీ చెదిరిపోయేది ఇందుకే.

మందు రెండు రకాలు. బోర్డు వైపు స్ట్రక్చర్‌కు ప్యాక్డ్ అని పెట్టి 13కు తేవడం ఒకటి. బోర్డును కదపలేకపోతే పైథాన్ ఫార్మాట్‌లోనే ఖాళీలను చూపడం రెండోది. స్మాల్ ఎక్స్ అంటే ఒక ఖాళీ బైటు. చెరువు నంబరు తరువాత ఒక ఎక్స్, చివర్న 2ఎక్స్ రాస్తే సరిగ్గా 16 అవుతుంది. రేడియోతో పంపేవాళ్లకు మొదటిదే మంచిది. మన దేశంలో లోరావాన్ (లోరా రేడియోతో నడిచే నెట్‌వర్క్) 865-867 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, అతి తక్కువ డేటా రేటులో ఒక సందేశానికి 51 బైట్లే దొరుకుతాయి. అందులో 13 బైట్ల రీడింగులు మూడు పోయి ఇంకా 12 బైట్లు మిగులుతాయి. అదే రీడింగును జేసన్ అనే అక్షరాల రూపంలో రాస్తే ఒక్కటి పట్టించడమే కష్టం.

ఉష్ణోగ్రతకు స్మాల్ హెచ్ ఎందుకంటే, డెల్టాలో మైనస్ డిగ్రీలు రాకపోయినా వైరు తెగినప్పుడు డీఎస్18బీ20 సెన్సర్‌కు వాడే ఆర్డ్వినో లైబ్రరీ మైనస్ 127 ఇస్తుంది. పదితో హెచ్చించి దాస్తే అది మైనస్ 1270. చదివేవైపు క్యాపిటల్ హెచ్ పెడితే 64266గా, అంటే 6426.6 డిగ్రీలుగా కనిపిస్తుంది.

వరుస తప్పితే ఏమవుతుందో చూడండి. లీటరుకు 4.35 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను వందతో హెచ్చిస్తే 435. చిన్న బైటు ముందు పెడితే 179, 1. తిరగేసి చదివితే 45825, అంటే 458.25 మిల్లీగ్రాములు. ఇది ఎవరైనా పట్టేస్తారు. కానీ టెస్టుకు 5.14 విలువ తీసుకున్నారనుకోండి. 514 అంటే రెండు బైట్లూ 2, 2. ఎటు నుంచి చదివినా 514 వస్తుంది, టెస్టు పాసవుతుంది, తప్పు చెరువు దాకా వెళ్తుంది. సున్నా, 257, 514 లాంటి విలువలతో టెస్టు రాయొద్దు. 435 లాంటిది తీసుకుని, వచ్చిన బైట్లు 179, 1 అవునో కాదో చూసుకోండి. ప్యాక్ చేసి వెంటనే అదే ఫార్మాట్‌తో అన్‌ప్యాక్ చేసి సరిపోయిందనుకోవడం పరీక్ష కాదు. రెండువైపులా ఒకటే తప్పు ఉంటే అదీ పాసవుతుంది.

ఆర్‌ఎస్485 తీగ మీద మోడ్‌బస్ అనే పద్ధతిలో మాట్లాడే ప్రోబ్‌లతో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. రెండు రిజిస్టర్లు (ఒక్కోటి 2 బైట్ల గడి) అడిగితే జవాబు 9 బైట్లు: అడ్రస్ 1, ఫంక్షన్ 1, డేటా బైట్ల లెక్క 1, డేటా 4, చివర్న సీఆర్‌సీ (దారిలో డేటా చెడిందేమో చూసే విలువ) 2. డేటాలో ఒక్కో రిజిస్టర్‌కు పెద్ద బైటు ముందు, సీఆర్‌సీకి చిన్న బైటు ముందు. ఒక ఫార్మాట్ స్ట్రింగ్‌కు ఒకటే గుర్తు, అదీ మొదట్లోనే ఉండాలి కాబట్టి ఈ ఫ్రేమును ఒకే దెబ్బలో విప్పలేం. > పెట్టి మూడు క్యాపిటల్ బిలు, ఒక ఎఫ్‌తో మొదటి 7 బైట్లు తీసి, అన్‌ప్యాక్_ఫ్రమ్‌కు 7వ స్థానం (లెక్క సున్నా నుంచి) చెప్పి < క్యాపిటల్ హెచ్‌తో సీఆర్‌సీ తీయాలి. సీఆర్‌సీ సరిచూశాకే విలువను వాడాలి.

కొన్ని ప్రోబ్‌లు దశాంశ సంఖ్యలోని రెండు రిజిస్టర్లను తారుమారుగా పంపుతాయి. 4.35ను 4 బైట్ల ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) కడితే 64, 139, 51, 51. తారుమారైతే 51, 51, 64, 139. దాన్ని అలాగే విప్పితే సుమారు 0.00000004 వస్తుంది, తెర మీద 0.00 అని పడుతుంది. ఆక్సిజన్ సున్నా అని నమ్మి రిలే స్విచ్ ఏరేటర్లన్నీ ఆన్ చేస్తుంది, కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది, ప్రోబ్ పాడైందని పక్కన పడేసే ప్రమాదమూ ఉంది. ముందు రెండు క్యాపిటల్ హెచ్‌లుగా విప్పి, వాటిని తిరగేసి ప్యాక్ చేసి, అప్పుడు ఎఫ్‌గా విప్పితే 4.35 దగ్గరికి వస్తుంది. సరిగ్గా 4.35 రాదు, 4.349999904632568 వస్తుంది. 4 బైట్ల ఫ్లోట్‌లో పట్టేది అంతే, అది మాడ్యూల్ తప్పు కాదు.

దాచుకునేటప్పుడు వందతో హెచ్చించి పూర్ణాంకంగా పెట్టడం మేలు. అక్కడ దశాంశ భాగాన్ని ఇంట్‌తో కత్తిరించొద్దు. పైథాన్‌లో 4.35ను వందతో హెచ్చిస్తే 434.99999999999994 వస్తుంది, ఇంట్ చేస్తే 434 మిగులుతుంది. రౌండ్ వాడాలి. అసలు దశాంశాన్నే హెచ్‌కు ఇస్తే స్ట్రక్ట్ ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది, మంచిదే.

ఊరి పేర్లు తెలుగులో దాచేవాళ్లకు ఒక హెచ్చరిక. 16ఎస్ అంటే 16 బైట్ల స్ట్రింగు. తక్కువైతే సున్నాలతో నింపుతుంది, ఎక్కువైతే చెప్పాపెట్టకుండా కోసేస్తుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. ‘ఉండి’కి 12 బైట్లు చాలు. ‘భీమవరం’లో గుణింతంతో, సున్నతో కలిపి ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. పదహారులో సున్న మొదటి బైటు దగ్గర తెగుతుంది, తరువాత డీకోడ్ చేసేటప్పుడు ఎర్రర్ పడుతుంది. తప్పు జరిగింది రాసేచోట, బయటపడేది చదివేచోట. రికార్డులో పేరు బదులు చెరువు నంబరు పెట్టుకుని, పేర్లు వేరే పట్టికలో ఉంచండి.

ఫైలు నిండా ఉన్న రికార్డులను ఇటర్_అన్‌ప్యాక్ వరసగా విప్పుతుంది, కాకపోతే మొత్తం పొడవు 13తో నిశ్శేషంగా భాగింపబడాలి. తుపాను గాలికి రాస్తుండగా కరెంటు పోయి సగం రికార్డు మిగిలితే ఫైలంతా తిరస్కరిస్తుంది. పొడవును 13తో భాగించి పూర్తి రికార్డుల వరకే కోసి ఇస్తే సరిపోతుంది. ఆ సగం రికార్డు తరువాతే మళ్లీ రాయడం మొదలైతే అక్కడినుంచి రికార్డులన్నీ పక్కకు జరిగి, తప్పు అంకెలు వస్తాయి. బాక్సు ఆన్ అవగానే ఫైలు చివరను సరిచేసుకునేలా ప్రోగ్రాం రాయాలి.

దీనికి చేతకాని పనులూ ఉన్నాయి. మేత తూకానికి పెట్టే హెచ్‌ఎక్స్711 చిప్ 24 బిట్ల విలువ ఇస్తుంది, స్ట్రక్ట్‌లో 3 బైట్ల సంఖ్యే లేదు. దానికి ఇంట్ టైపులోని ఫ్రమ్_బైట్స్‌కు మైనస్ కూడా ఉంటుందని చెప్పి వాడాలి. ఒకే బైటులో ఎనిమిది ఏరేటర్ల ఆన్, ఆఫ్ దాస్తే బిట్లను జరిపే షిఫ్టులతో మనమే విడదీసుకోవాలి. విలువలకు పేర్లు ఉండవు, నేమ్డ్‌టపుల్ జతచేస్తే కోడ్ చదవడానికి బాగుంటుంది. సీజన్ మొత్తం లాగ్‌ను, లక్షల రికార్డులను ఒకేసారి లెక్కకట్టాలంటే నంపై లైబ్రరీలోని ఫ్రమ్‌బఫర్ వేగంగా చేస్తుంది. అక్కడ కూడా ప్రతి ఫీల్డుకు < గుర్తు రాయాల్సిందే.