తుమ్ములకి ఫెక్సోఫెనడిన్ 120: నిద్ర రాదు, జేబుకే చిల్లు

పొద్దున్న లేవగానే వరసగా తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద నాకు ఏడాదిలో సగం రోజులు ఉండేవే, కాబట్టి ఫెక్సోఫెనడిన్ అనే ఈ ఎలర్జీ మందు మీద ఇది ఒక్క బిళ్ళ మింగి రాస్తున్న రివ్యూ కాదు. శ్రీకాకుళం నుంచి పైడిభీమవరం దాకా హైవే మీద బైక్‌లో డ్యూటీకి పోతాను. నాకు తుమ్ములు ఆగడం ఎంత ముఖ్యమో నిద్ర రాకపోవడం అంతకంటే ముఖ్యం.

మందుల షాపులో "తుమ్ములకి ఏదైనా ఇవ్వన్నా" అంటే చేతిలో పెట్టేది క్లోర్‌ఫెనిరమిన్ కలిసిన జలుబు బిళ్ళ, లేకపోతే సిట్రిజిన్. నిద్ర వస్తుందా అంటే "కొంచెం మగతగా ఉంటాదంతే" అంటారు. ఆ కొంచెమే కదా టెన్షన్! ఎలర్జీలో ముక్కు కార్పించే హిస్టమిన్ అనే పదార్థం మెదడులో మనల్ని మెలకువగా ఉంచే పని కూడా చేస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాత మందులు మెదడులోకి కూడా దూరి అక్కడ హిస్టమిన్ అతుక్కునే చోట్లని (హెచ్1 రిసెప్టర్లను) మూసేస్తాయి, ఇంక కళ్ళు మూతలు పడక ఏమవుతాయి? సిట్రిజిన్ చాలా నయం, లోపలికి తక్కువగా పోతుంది, కొందరికి అసలేమీ అనిపించదు, నాకు మాత్రం ఎచ్చెర్ల దాటేసరికి తల దిమ్ముగా ఉండేది.

ఫెక్సోఫెనడిన్‌తో ఆ బాధ లేదు. మెదడు గుమ్మం దగ్గర ఉండే ఒక ప్రోటీన్ దీన్ని వచ్చినదారినే బయటికి నెట్టేస్తుంది. దీనికి ముందు టెర్ఫెనడిన్ అని ఉండేది, గుండె లయ తప్పిస్తోందని 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు, అది ఒంట్లో మారి తయారయ్యే పదార్థమే ఈ ఫెక్సోఫెనడిన్, ఆ గుండె గొడవ లేకుండా. ఒకటే షరతు, నీళ్ళతోనే వేసుకోవాలి. యాపిల్, నారింజ జ్యూస్‌తో మింగితే మందు ఒంటికి సరిగా పట్టదు.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాతరకం బిళ్ళలు డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకండి. నోరు ఎండిపోతుంది, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్ళకి మూత్రం బిగుసుకుపోవచ్చు, కొందరు అయోమయంగా మాట్లాడతారు కూడా. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు సిరప్‌లైతే నాలుగేళ్ళలోపు పిల్లలకి వద్దని 2023 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థే చెప్పింది.

రేటు దగ్గరే ఒక స్టార్ కోస్తున్నా. సిట్రిజిన్ కంటే బాగా ఎక్కువ, ముక్కు దిబ్బడకి కూడా పెద్దగా పనిచేయదు. జనరిక్ షాపులో ఇదే మందు తక్కువకి దొరుకుతుంది, నేను ఇప్పుడు అక్కడే కొంటున్నా. నాలుగు స్టార్లు.