డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్: బ్లాక్, లాటినో ఓట్ల పొత్తు ఈ మ్యాపుల్లో ఎంతవరకు కనిపిస్తుంది?

అమెరికాలో బ్లాక్ (నల్లజాతి), లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) ఓటర్లు కలిసి ఒకరిని కాంగ్రెస్‌కు పంపగలరా లేదా అన్నది చాలాచోట్ల నియోజకవర్గం సరిహద్దులు గీసినప్పుడే తేలిపోతుంది. ఆ సరిహద్దులను మనమే గీసి చూసుకోవడానికి దొరికే ఉచిత వెబ్‌సైట్లలో డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్ చాలా మంచిది. ఇన్‌స్టాల్ చేయాల్సిందేమీ లేదు, కానీ ఫోన్‌లో ఇబ్బంది. పెద్ద స్క్రీన్, మౌస్ ఉండాలి.

టెక్సస్‌తో మొదలుపెట్టండి. లాగిన్ అయి కొత్త మ్యాప్ తెరిచి కాంగ్రెస్ ఎంచుకుంటే 38 స్థానాలు వస్తాయి. 2020 జనగణన ప్రకారం ఒక్కోదానికి 7,66,987 మంది. ముందు కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) రంగు వేసి, తర్వాత ప్రిసింక్టులకు (పోలింగ్ ప్రాంతాలు), చివరి సర్దుబాటుకు జనగణన బ్లాకులకు (అన్నిటికన్నా చిన్న ముక్కలు) దిగండి. మొదటే ప్రిసింక్టులు పట్టుకుంటే హ్యూస్టన్ దగ్గరే ఆగిపోతారు.

ఎక్కువమంది తప్పు చేసేది జనాభా పట్టిక ఎంచుకునే చోట. మొత్తం జనాభా, 18 నిండినవారు, 18 నిండిన పౌరులు అని మూడు పట్టికలుంటాయి. లాటినోల్లో పిల్లలు, పౌరసత్వం లేనివారు ఎక్కువ. అందుకే మూడో పట్టికకు వచ్చేసరికి వాళ్ల శాతం బాగా పడిపోతుంది, బ్లాక్ శాతం పెరుగుతుంది. ఓట్ల లెక్కకు మూడోదే వాడాలి. అయితే అది సర్వే అంచనా నుంచి వచ్చింది కాబట్టి, ఒక్క ప్రిసింక్టు అంకెను పట్టుకుని వాదించకండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. బ్లాక్, లాటినో రెండూ అయినవారు రెండు గడుల్లోనూ లెక్కకు వస్తారు. రెండు శాతాలూ కూడితే అసలుకన్నా ఎక్కువ తేలుతుంది. ‘మైనారిటీ’ గడి వాడదామంటే అందులో ఏషియన్లూ కలిసిపోతారు. డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు కూడా అందులోనే.

పెద్ద లోటు ప్రైమరీలది, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలది. ఇందులోవి సాధారణ ఎన్నికల ఫలితాలే. నవంబర్‌లో రెండు వర్గాలూ డెమొక్రాట్‌కే వేసినట్టు కనిపించినా, అభ్యర్థి ఎవరన్న పోటీ అంతకుముందే జరిగిపోయి ఉంటుంది. డాలస్, ఫోర్ట్‌వర్త్ మధ్య 33వ స్థానం 2012లో కొత్తగా ఏర్పడినప్పుడు జనాభాలో లాటినోలే ఎక్కువ. అయినా డెమొక్రాటిక్ ప్రైమరీ రనాఫ్‌లో (రెండో విడత పోటీ) లాటినో అయిన డొమింగో గార్సియాపై బ్లాక్ అభ్యర్థి మార్క్ వీజీ గెలిచారు. ఇలాంటి పోటీని చూడాలంటే కౌంటీ ఎన్నికల కార్యాలయం ఇచ్చే ప్రిసింక్టు ఫలితాలు విడిగా తెచ్చుకోవాల్సిందే.

మ్యాపుకు ఇచ్చే ఐదు స్కోర్లలో మైనారిటీ ప్రాతినిధ్యం ఒకటి. రెండు వర్గాలూ కలిస్తేనే మెజారిటీ అయ్యే స్థానాలకూ అందులో విలువ ఉంది. కానీ 2024లో టెక్సస్‌లోని గాల్వెస్టన్ కౌంటీ కేసులో ఐదో సర్క్యూట్ కోర్టు (టెక్సస్, లూసియానా, మిసిసిపీల ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) అలాంటి పొత్తు స్థానాలకు ఓటింగ్ హక్కుల చట్టం 2వ సెక్షన్ (ఓటింగులో జాతి వివక్షను నిషేధించేది) రక్షణ లేదని తేల్చింది. ఆ తీర్పునే చూపించి 2025 జులైలో అమెరికా న్యాయశాఖ టెక్సస్‌లో 9, 18, 29, 33 స్థానాలను తప్పుపట్టింది, ఆగస్టులో రాష్ట్రం మ్యాపే మారిపోయింది. టెక్సస్, లూసియానా, మిసిసిపీల్లో ఈ స్కోరును చట్టపరమైన భరోసాగా చదవడం ప్రమాదం.

ఎన్నికల అంకెల్లో సగటు కాకుండా ఒక్కో ఏడాదినీ విడిగా తెరవండి. టెక్సస్‌లో దాదాపు అంతా లాటినోలే ఉండే స్టార్ కౌంటీలో 2016లో డెమొక్రాట్ హిల్లరీ క్లింటన్‌కు 79 శాతం వచ్చింది, 2020లో బైడెన్‌కు 52 శాతమే, 2024లో ట్రంప్ గెలిచారు. సగటులో ఈ జారుడు కనిపించదు.