4 ఇంచుల కటింగ్ వీల్స్ 50 ప్యాక్: వీల్ మంచిదే, డేట్ చూసి తీసుకోండి

మాది గేట్లు గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు, రోజూ గ్రైండర్ తోనే పని. ఈ 1.2 ఎంఎం వీల్ ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) స్క్వేర్ ట్యూబ్ ని చాలా నీట్ గా కోస్తుంది, బర్ర్ (కోసిన అంచున మిగిలే గరుకు) తక్కువ, వేడి కూడా అంతగా పట్టట్లేదు. కటింగ్ వరకు ఫుల్ మార్కులు.

కానీ మధ్యలో ఉండే ఇనుప రింగు మీద డేట్ చూస్తే గుండె ఆగినంత పనైంది, ఎక్స్‌పైరీ అయిపోయి ఐదు నెలలు! ఇలాంటి రెసిన్ (బంకతో అతికించిన) వీల్స్ కి తయారైన దగ్గర్నుంచి మామూలుగా 3 ఏళ్లే అండి, తేమ తగిలితే ఆ లోపే బంక బలం పోతుంది, 15,300 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) లిమిట్ రాసున్న వీల్ తిరుగుతూ పగిలితే ముక్క ఎటొస్తుందో మీరే ఆలోచించండి. షాపు వాళ్ళు మార్చి ఇచ్చారు గానీ ముందే చూసి ఇవ్వాల్సింది.

ఇప్పుడు నేను మూత ఉన్న స్టీల్ డబ్బాలో, సమానంగా ఉన్న రేకు మీద పడుకోబెట్టి పెడుతున్నా, మేకుకి తగిలించను, తడి నేల మీద అస్సలు పెట్టను. కొత్త వీల్ బిగించాక గార్డ్ (వీల్ మీదుండే రక్షణ కవర్) ఉంచి, పక్కకి నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పుతా. మా కుర్రాడు దీంతోనే అంచులు రుద్దబోతే గట్టిగా అరిచా, పక్క ఒత్తిడికి ఈ పల్చటి వీల్ ఆగదు, దానికి మందంగా ఉండే గ్రైండింగ్ వీల్ వేరే ఉంది కదా.

5కి 3 స్టార్లు, ఆ తగ్గిన రెండూ పాత స్టాక్ అంటగట్టినందుకే.